రెండు నలభై తర్వాత

మా ఆయనకి పెద్ద మ్యూజియాలు గిట్టవు. రాజుల కత్తులూ రాణుల పల్లకీలూ ఎవరైనా చూస్తారట. ఆయనకి కావలసింది తాళాల మ్యూజియం, లాంతర్ల మ్యూజియం, గొడుగుల మ్యూజియం. ఏ ఊళ్ళోనో ఓ పాత ఇంట్లో రెండు గదులుంటాయి. తాళంచెవి ఎదురింటివాళ్ళ దగ్గర ఉంటుంది. ఆ ఎదురింటివాళ్ళు సరిగ్గా ఆ రోజే పెళ్ళికి వెళ్ళి ఉంటారు. గొడుగుల మ్యూజియంలో పైకప్పు కారుతుంటే మేం మా గొడుగు వేసుకుని వాళ్ళ గొడుగులు చూసి వచ్చాం. డ్రాయింగ్ మాస్టారుగా రిటైరైన దగ్గర్నుంచి ప్రతి వేసవిలోనూ మాకిదే యాత్ర.

చూడ్డం వరకైతే సరే. ఆయన ప్రతి బోర్డూ ప్రతి చీటీ పైకి చదువుతారు, అక్షరం వదలకుండా, వెనక బెంచీకి వినపడేలా. గోడ మీద రాసి ఉన్నదంతా ఆయనకి నిజమే. నేను ముప్ఫయ్యేళ్ళు బస్సు కండక్టరుగా చేసినదాన్ని. పొగ తాగరాదు అన్న బోర్డు కింద కూర్చుని ఎంతమంది పొగ వదిలారో చూసినదాన్ని. రాత మీద నాకంత భక్తి లేదు.

ఆ వేసవి ఆయన వేసిన ప్లాను మాత్రం నాకూ నచ్చింది. మా అక్క మొదట ఉద్యోగం చేసిన ఊళ్ళో పాత టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌ని మ్యూజియం చేశారని ఎక్కడో చదివారు. వదినకి ముందు చెప్పొద్దు, తీసుకెళ్ళి అక్కడ నిలబెడదాం అన్నారు. అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. ఆపరేటరుగా చేరి ఆపరేటరుగానే రిటైరైంది. పెళ్ళి మాటెత్తితే మాట మార్చేది, చివరికి ఎత్తేవాళ్ళే మానేశారు. రిటైరయ్యాక మా దగ్గరికి వచ్చేసింది. రోజంతా ఫోన్లో మాట్లాడే ఉద్యోగం చేసిన మనిషిని పట్టుకుని నోట్లో నాలుక లేనిది అనేది మా అమ్మ. నిజమే, ఇంట్లో అలాగే ఉండేది. ఆ నాలుక కూడా నాకే ఇచ్చేసిందని మా ఆయన అంటుంటారు.

మేడమెట్లు ఎక్కుతుండగానే అక్కకి తెలిసిపోయింది. ఏడో మెట్టు మీద ఆగి, కాలితో నొక్కి చూసి, ఇదింకా ఊగుతోందే అంది. అంత హుషారుగా అక్క మెట్లెక్కడం నేనెప్పుడూ చూడలేదు.

పైన ఒకటే పెద్ద హాలు. గోడకి ఆనించి బోర్డు, దాన్నిండా చిన్న చిన్న కన్నాలు, కింద బల్ల మీద తాళ్ళకి కట్టిన ప్లగ్గులు. ఒక ప్లగ్గు ఫోను చేసినవాళ్ళ కన్నంలో, దాని జంట ప్లగ్గు వాళ్ళడిగిన నంబరు కన్నంలో పెడితే ఇద్దరూ మాట్లాడుకుంటారు. ఆ పెట్టే మనిషే ఆపరేటర్. ఇప్పుడక్కడ ఆ మనిషి బదులు కుర్చీలో ఒక బట్టల కొట్టు బొమ్మని కూర్చోబెట్టారు. పెదాలకి ఎర్రరంగు, చెవులకి హెడ్‌ఫోను, ముఖాన ఒక వెర్రి నవ్వు.

అక్క దాన్ని చూసి పగలబడి నవ్వింది. "ఇది కూర్చునుందేమే? రద్దీ వేళ కూర్చుంటే పై వరసలు అందుతాయా?"

మ్యూజియం చూసుకుంటున్న రిటైర్డ్ లైన్‌మన్ ఆ మాటకి దగ్గరికి వచ్చాడు. అక్క ఆయనకి బోర్డు చూపిస్తూ చెప్పుకుపోయింది. కింది వరసలు ఎగువ పేటవట, పై వరసలు దిగువ పేటవట, ఎవరు బిగించారో గానీ అంతా తలకిందులట. దిగువ పేటకి లైను కావాలంటే కుర్చీ వెనక్కి తన్ని నిలబడాల్సిందేనట. ఎనిమిదేళ్ళుగా ఈ బోర్డు తుడుస్తున్నాను, ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు తల్లీ అన్నాడాయన. అక్క ముఖం వెలిగిపోయింది.

అప్పుడే పక్క గోడ దగ్గర మా ఆయన చదవడం మొదలుపెట్టారు. అది ఆ ఊరికి వరద వచ్చిన ఏడాది గురించిన బోర్డు.

"వరదనీరు పట్టణంలోకి ప్రవేశించిన ఆ మధ్యాహ్నం డ్యూటీలో ఉన్న మహిళా ఆపరేటర్ భయపడి సీటు వదిలి పారిపోయింది. రిజిస్టరులో రెండు నలభై తర్వాత ఒక్క కాల్ కూడా నమోదు కాకపోవడమే ఇందుకు సాక్ష్యం. మరునాడు సూపరింటెండెంట్ గారు ప్రాణాలకు తెగించి పడవలో చేరుకుని, బోర్డును తన చేతుల్లోకి తీసుకుని ఊరిని కాపాడారు."

అంతా చదివేశాకగానీ చదివిందేమిటో ఆయన బుర్రకెక్కలేదు. ఎక్కాక గోడవైపే తిరిగి నిలబడిపోయారు.

బోర్డు కింద అద్దాల పెట్టెలో ఆ రిజిస్టరు తెరిచి ఉంది. పై సగంలో అక్క దస్తూరీ, గుండ్రంగా, తీరుగా. రెండు నలభై దగ్గర ఆగిపోయింది. ఆ కింద పేజీ అంతా తెలుపు. అక్క పెట్టె మీదకి వంగి చాలాసేపు చూసింది. తర్వాత చేతిసంచీ భుజానికి తగిలించుకుని, పదండి పోదాం అంది.

తిరుగు బస్సులో మూడు ఊళ్ళు దాటాక ఒకే ఒక్క మాట అంది. "అందుకా."

ఎందుకో నేను అడగక్కర్లేకపోయింది. వరద తర్వాత నెల తిరక్కుండా అక్కని ఎక్కడో దూరపు ఆఫీసుకి బదిలీ చేశారు. అక్క దగ్గర పని నేర్చుకున్న పిల్లలు సూపర్‌వైజర్లయ్యారు, అక్క కాలేదు. పోనీలే, వాళ్ళు చురుకైనవాళ్ళు అనేది. నలభై రెండేళ్ళపాటు తన మీద ఏం రాసి పెట్టారో తెలియకుండా బతికింది. తెలిసింది ఎలా? టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వెళితే.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వరదప్పుడు నాకు పదహారేళ్ళు. అక్క ఇంటికొచ్చిన రోజు నాకు బాగా గుర్తు. చీర మోకాళ్ళదాకా బురద. గొంతు పూర్తిగా పోయింది. పది రోజులు పలక మీద రాసి చూపించింది, మంచినీళ్ళు కావాలన్నా సరే. పారిపోయిన మనిషికి గొంతెందుకు పోతుంది? ఆ పలక తుడిచి తుడిచి ఇచ్చినదాన్ని నేను. నాకు చెబుతారా?

మర్నాడు వంటింట్లో కూరగాయలు తరుగుతూ అక్క చెప్పింది, అదీ నేను పట్టుబట్టి అడిగితే. రెండు నలభైకి ఎగువ నుంచి కట్ట తెగిందని ఫోనొచ్చింది. ఆ మరుక్షణం బోర్డు మీద మూతలన్నీ ఒక్కసారి పడ్డాయి, అంటే అందరూ ఒకేసారి ఫోను ఎత్తారన్నమాట. దిగువ పేటలో ఎనభై ఫోన్లు. ఒక్కొక్కళ్ళకీ బడి మేడ మీదకి ఎక్కండి, పక్కింటివాళ్ళని లేపండి అని చెప్పింది. తీయనివాళ్ళకి మళ్ళీ మళ్ళీ చేసింది. రెండో ఆపరేటరు నీళ్ళు దాటి రాలేకపోయింది. లైన్లు ఒక్కొక్కటే చచ్చిపోయాయి. ఆఖరిది పిండిమర లైను, తెల్లవారుతుండగా పోయింది. అప్పుడు కిటికీ కిందకి మొదటి పడవొస్తే ఎక్కింది.

"సీటు వదిలింది నేనే," అంది అక్క. "లైన్లన్నీ చచ్చాక వదిలాను."

మరి రాయలేదేం అని అడిగాను. అక్క నన్ను వింతగా చూసింది. వాళ్ళకి పని నేర్పిన పెద్దావిడ మొదటి రోజే చెప్పిందట, ముందు మాట, తర్వాత రాత, ప్రమాదం వచ్చిందంటే పెన్సిల్ అవతల పడెయ్ అని. ఆపరేటర్లందరికీ అది తెలుసు. నాకూ తెలిసినట్టే ఉంది. బస్సు కిక్కిరిసినప్పుడు మేమూ ముందు మనుషుల్ని ఎక్కించుకుంటాం, కాగితం సంగతి తర్వాత. కాగితం నింపుతూ కూర్చుంటే ఫుట్‌బోర్డు మీదివాడు జారిపోతాడు. ఇంత చిన్న సంగతి ఒక సూపరింటెండెంటుకి తెలియలేదు. తెలియకపోతే అడగొచ్చుగా? గొంతు పోయిందిగానీ, పలక ఉందిగా!

ఇంతకాలం ఎవరికీ చెప్పలేదేం అంటే, ఎవరడిగారే అంది. డ్యూటీ చేశామని ఎవరైనా ఊరంతా చాటుకుంటారా అంది.

వారం తిరక్కుండా మా ఆయన్ని వెంటేసుకుని మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. మ్యూజియం కమిటీ అధ్యక్షుడు ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ఆ సూపరింటెండెంటుగారి కొడుకు. ఊళ్ళో పెద్ద బట్టల కొట్టు ఆయనది. ఆ వెర్రినవ్వు బొమ్మ ఆ కొట్టుదే. మర్యాదస్తుడు, కాదనను. కూర్చోబెట్టాడు, మంచినీళ్ళిచ్చాడు, చెప్పిందంతా విన్నాడు. విని, రిజిస్టరు అబద్ధం చెప్పదమ్మా అన్నాడు.

"రిజిస్టరు అసలేమీ చెప్పలేదండీ," అన్నాను. "అది ఖాళీగా ఉంది. చెప్పింది మీరు."

నొచ్చుకున్నాడు. గొంతు పోయిన సంగతి చెబితే, వానలో తడిసి జలుబు చేసి ఉంటుందన్నాడు. మీ నాన్నగారు మా అక్కని పిలిచి ఒక్క ముక్క అడిగారా అంటే, వెళ్ళిపోయిన మనిషిని ఎక్కడ వెతుకుతారు అన్నాడు. బదిలీ కాగితం ఇవ్వడానికి దొరికిన మనిషి, మాట అడగడానికి దొరకలేదట! ప్రమాదంలో రాయకూడదన్న నియమం గురించి చెప్పాను. చివరికి ఆయనన్నది వినండి.

"ఆ నియమం ఎక్కడైనా రాసి ఉందా? కాగితం చూపించండి, బోర్డు మార్చేస్తాను."

రాయొద్దన్నదానికి రాత చూపించాలట. ఇంకాసేపు ఉంటే నేనేమంటానోనని మా ఆయన నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చారు.

వరదనాడు అక్క ఫోను అందుకున్నవాళ్ళ కోసం దిగువ పేటంతా తిరిగాం. వరద తర్వాత ఆ ఇళ్ళన్నీ పడగొట్టి మనుషుల్ని వేరే చోటికి పంపేశారు. మిగిలిన ఒకరిద్దరూ అప్పటికి ఉయ్యాల్లో ఉన్నవాళ్ళు. ఇంటికొచ్చాక మా ఆయన ఉత్తరాలు మొదలుపెట్టారు. డిపార్ట్‌మెంటుకి మూడు, కమిటీకి నాలుగు. అచ్చు గుద్దినట్టుండే అందమైన అక్షరాలతో రాశారు పాపం, తను పైకి చదివిన పాపం కడుక్కోవాలని. ఒక్కదానికి జవాబొచ్చింది, మీ ఉత్తరం అందినది అని. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదేనని నేను ఇల్లంతా తిరుగుతూ అరిచాను.

అక్క మాత్రం, "కందకి లేని దురద కత్తిపీటకెందుకే? ఊరుకున్నంత ఉత్తమం లేదు," అంది. ఊరుకునే ఉంది కూడా. కానీ అన్నం సరిగ్గా తినేది కాదు. మధ్యాహ్నం పూట ఒక కాగితం మీద ఏవో అంకెలు రాస్తూ కూర్చునేది. ఒకరోజు తొంగిచూశాను. దిగువ పేట నంబర్లు. నలభై రెండేళ్ళ తర్వాత ఎనభైలో డెబ్భై మూడు గుర్తున్నాయి. మిగతా ఏడింటి కోసం వెతుక్కుంటోంది. అది చూశాక నేనిక ఊరుకునే ప్రశ్న లేదు.

వేసవి సెలవులు ఇంకో వారంలో అయిపోతాయనగా లైన్‌మన్ ఫోను చేశాడు. హాల్లో, వరండాలో, మెట్ల మీద పన్నెండు పాత ఫోన్లు బిగించి బోర్డుకి కలిపాడట. ఆదివారం జనం వచ్చి ఆడుకుంటారట. తనకేమో ఒక కాల్ తర్వాత ఒకటే కలపడం వచ్చు, అమ్మగారు వచ్చి పని నేర్పుతారా అని అడిగాడు. ఫోను అక్కకిచ్చాను. వాదిద్దాం రమ్మంటే కదలని మనిషి, పని నేర్పమనేసరికి ఏ బస్సుకి అని అడిగింది.

నేనా ఆదివారానికి అధ్యక్షుణ్ణి కూడా పిలిచాను. తగవు పెట్టుకోనని మాటిచ్చి మరీ పిలిచాను.

అక్క బొమ్మని ఎత్తి మూలన నిలబెట్టించింది. కొత్త రిజిస్టరు తెరిచి, తేదీ వేసి, పెన్సిల్ పక్కన పెట్టుకుంది. అన్నీ పద్ధతి ప్రకారం. లైన్‌మన్ పక్కన నిలబడితే నెమ్మదిగా మొదలుపెట్టింది. మెట్ల మీద ఫోను నుంచి ఒక కాల్, కలిపింది, టైము రాసింది. వరండాలోంచి ఒకటి, అదీ రాసింది. అధ్యక్షుడు చేతులు కట్టుకుని, భలేగా ఉందే అన్నట్టు చూస్తున్నాడు.

అప్పుడు నేను వరండాలోకి వెళ్ళి నా కండక్టరు గొంతు బయటికి తీశాను. సెలవులకి వచ్చిన కుటుంబాలు, ఒక టూరు బస్సు ముసలాళ్ళు, అంతా కలిసి అరవైమంది. ఫోనుకి అయిదుగురు చొప్పున నిలబెట్టాను. ఒకరి తర్వాత ఒకరు ఆపకుండా చెయ్యండి, ఇష్టమొచ్చిన నంబరు అడగండి, ఆలస్యమైతే కసరండి అని చెప్పాను. చెయ్యి ఊపాను.

బోర్డు మీద మూతలు టపటపా పడ్డాయి. అక్క ఒక్క క్షణం ఆగింది. తర్వాత మడమతో కుర్చీని వెనక్కి తన్ని నిలబడింది. కుర్చీ వెళ్ళి గోడకి కొట్టుకుంది. నంబరు చెప్పండి, ఇస్తున్నాను, లైన్లో ఉండండి, నంబరు చెప్పండి. ఇంట్లో ఎన్నడూ వినని గొంతు అది. రెండు చేతులూ బోర్డంతా తిరుగుతున్నాయి, కళ్ళు చేతులవైపు చూడ్డం లేదు. వరండాలో ఒక మామ్మ మెట్ల మీదున్న మనవరాలితో, నా కళ్ళజోడు నీ దగ్గరుందా అని ఫోన్లో అడుగుతోంది. జనం నవ్వుతున్నారు, కసురుతున్నారు, మళ్ళీ చేస్తున్నారు. ఇరవై నిమిషాలైంది. ఒక్కళ్ళకీ లైను కలవకుండా పోలేదు.

లైన్‌మన్ స్విచ్చి ఆపేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క మంచినీళ్ళ సీసా ఎత్తి సగం తాగింది.

అధ్యక్షుడు బల్ల దగ్గరికి వెళ్ళాడు. రిజిస్టరు మీదకి వంగాడు. పేజీ తిప్పి వెనక్కూడా చూశాడు. రెండు కాల్స్ రాసి ఉన్నాయి. ఆ కింద అంతా తెలుపు.

"మీరు ఇవేవీ రాయలేదండీ," అన్నాడు నెమ్మదిగా.

"ఖాళీ ఏదండీ?" అంది అక్క, మూతి తుడుచుకుంటూ.

ఆయన గోడ దగ్గర ఉన్న ఖాళీ కుర్చీని చూశాడు. మళ్ళీ పేజీ చూశాడు. నా దగ్గర ఆయన కోసం వారం రోజులుగా నూరి పెట్టుకున్న మాటలు బోలెడున్నాయి. మాటిచ్చాను కాబట్టి మింగాను. మా ఆయన ఆ పేజీ దాకా వెళ్ళికూడా దాన్ని పైకి చదవలేదు.

వానలు మొదలయ్యాక లైన్‌మన్ నుంచి కబురొచ్చింది, బోర్డు మారింది, వచ్చి చూడమని. ముగ్గురం వెళ్ళాం. పాత బోర్డు తీసేసి గోడకి కొత్త అద్దం పలక బిగించారు. కింద పెట్టెలో రెండు పేజీలు పక్కపక్కన పెట్టారు, వరదనాటిదీ ఆ ఆదివారంనాటిదీ. బొమ్మ మళ్ళీ కుర్చీలోకి వచ్చేసింది. సూపరింటెండెంటుగారి ఫోటో దండతో సహా ఎక్కడిదక్కడే ఉంది. అధ్యక్షుడు ఎదురొచ్చి కూల్‌డ్రింకులు తెప్పించాడు. తప్పు ఎవరిదీ కాదమ్మా, ఆ కాలం అలాంటిది అన్నాడు. కాలమొచ్చి రాసిందా రిపోర్టు? కాలం ఇచ్చిందా బదిలీ? క్షమించమన్న ఒక్క ముక్క నోట్లోంచి ఊడిపడితే ఆయన బట్టల కొట్టేమైనా మునిగిపోతుందా? అడిగేదాన్నే. అక్క నా కొంగు లాగింది.

మా ఆయన అక్కవైపు చూశారు, చదవనా అన్నట్టు. అక్క తలూపింది. ఆయన గొంతు సవరించుకుని చదివారు. మొదట్లోనే అక్క పేరు, ఇంటిపేరుతో సహా. కట్ట తెగిన కబురు, ఎనభై ఫోన్లు, బడి మేడ, పిండిమర లైను, అన్నీ ఉన్నాయి. నాకు కళ్ళు మసకలయ్యాయి. కోపం కూడా కాస్త చల్లబడింది.

"మధ్యాహ్నం రెండు నలభై నుంచి తెల్లవారే వరకు, పధ్నాలుగు గంటలపాటు ఆమె తన సీటులోనే కూర్చుని..."

"తప్పు," అంది అక్క.

అందరం అటు తిరిగాం. అక్క పలక దగ్గరికి నడిచి, ఆ మాట మీద వేలు పెట్టింది.

"నేను కూర్చోలేదు. నిలబడ్డాను. మార్చండి."

అధ్యక్షుడు నవ్వబోయి ఆగాడు. చిన్న మాటేగదమ్మా అన్నాడు. అద్దం మీద చెక్కించాం, చెక్కేవాడు పక్కూళ్ళో ఉంటాడు, వానలు, ఎప్పుడొస్తాడో ఏమో అన్నాడు. మీ గురించి మంచిగానే రాశాం కదా అని కూడా అన్నాడు.

"మంచిగా వద్దు. జరిగింది రాయండి. ఫోను చేసి పిలవండి అతన్ని."

అని అక్క బొమ్మ చంకల్లో చేతులు వేసి ఎత్తి, తీసుకెళ్ళి అధ్యక్షుడికి అందించింది. ఆయన అందుకోక తప్పలేదు.

"ఆ రోజు నిలబడ్డాను," అంటూ కుర్చీ ముందుకి లాక్కుంది. "అతనొచ్చి మార్చేదాకా ఇప్పుడు కూర్చుంటాను."

చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.